కోసి తెచ్చిన క్రిస్మస్ చెట్టు పండుగ దాటేదాకా పచ్చగా నిలవాలంటే

మల్కాజిగిరిలో ఉంటున్న మీరు నిరుడు డిసెంబరు మొదటి వారంలో ఆరడుగుల క్రిస్మస్ చెట్టును కొని తెచ్చి, ఖాళీ పెయింట్ బకెట్‌లో ఇసుక నింపి అందులో నిలబెట్టి, రోజూ ఉదయం ఒక గ్లాసు నీళ్ళు పోస్తూ వచ్చినా, పద్దెనిమిదో తేదీ నాటికే అది గోధుమరంగుకు తిరిగి కింద పరచిన దుప్పటి నిండా రాలిపోయిందని రాశారు. ఈ ఏడాది అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల సన్నాహ కాలం, మొదలయ్యే మొదటి ఆదివారం నాడే చెట్టు పెట్టి జనవరి 6 దాకా పచ్చగా ఉంచాలని ఉందనీ, అందుకు నీళ్ళలో ఆస్పిరిన్ మాత్ర వేయమని ఒకరు, పంచదార వేయమని ఒకరు, నిమ్మ సోడా పోయమని మరొకరు చెబుతున్నారనీ, ఎవరి మాట వినాలో తెలియడం లేదనీ అడిగారు.

నీళ్ళలో ఏమి కలపాలన్నది ఆఖరున చూసుకోవలసిన సంగతి. పోసిన నీళ్ళు చెట్టు కోతకు తగులుతున్నాయా లేదా అన్నది మొదట చూడాలి. మీరు రాసిన దాన్ని బట్టి నిరుడు అవి తగలనే లేదు. మా నాన్నగారు చీరాల దగ్గర సర్వి తోట వేసేవారు. నేను సికింద్రాబాద్‌లో ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి విరమించాను. మా చర్చిలో నిలిపే చెట్టు బాధ్యత ఇరవై ఏళ్ళకు పైగా నాదే. కనుక ఈ విషయంలో చదివి తెలుసుకున్నది కొంత, చెట్లు పాడుచేసుకొని తెలుసుకున్నది అంతకంటే ఎక్కువ.

ముందుగా మీరు కొన్నది ఏ చెట్టో చూద్దాం. అమెరికాలో, ఐరోపాలో ఇళ్ళలో పెట్టేవి ఫర్, స్ప్రూస్, పైన్ వంటి చలిదేశపు చెట్లు. మన దగ్గర క్రిస్మస్ చెట్టు పేరుతో కోసి అమ్మేది చాలావరకు సర్వి, అంటే సరుగుడు. హైదరాబాదులో సెంట్రింగ్ పనికి, పందిళ్ళకు వాడే సర్వి బాదులు ఏ చెట్టువో, ఈ పండుగ చెట్టు కూడా దాని లేత రూపమే; ప్రకాశం, నెల్లూరు జిల్లాల తీరం వెంబడి ఇసుక నేలల్లో దీన్ని తోటలుగా పెంచుతారు. మీ ఇంట్లో రాలినవాటిలో ఒక పోచను ఇంకా దాచి ఉంటే వెలుతురులో పెట్టి చూడండి. సూదిలా కనిపించే ఆ పోచ నిజానికి ఆకు కాదు, సన్నని కొమ్మ. చెరకు గడకు ఉన్నట్టే దానికి వరుసగా కణుపులు ఉంటాయి, ప్రతి కణుపు చుట్టూ కంటికి ఆనీ ఆననట్టుగా పొలుసుల్లాంటి పళ్ళు ఉంటాయి. ఆ పళ్ళే దాని అసలు ఆకులు. చిన్నప్పుడు మేము ఈ పోచను ఒక కణుపు దగ్గర లాగి ఊడదీసి, మళ్ళీ అక్కడే గుచ్చి, ఎక్కడ ఊడిందో చెప్పమని ఒకరినొకరు పరీక్షించుకునేవాళ్ళం. చెట్టు తాజాగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఇప్పటికీ నేను చేసే పని అదే: తాజా పోచ కణుపు దగ్గర మెత్తగా ఊడివస్తుంది, ఊడిన చోట వేలికి చల్లని తడి తగులుతుంది, ఎండిన పోచ కణుపుతో పని లేకుండా ఎక్కడ పడితే అక్కడ పెళుసుగా విరుగుతుంది.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇంగ్లీషులో దొరికే సలహాలన్నీ ఫర్ చెట్టును దృష్టిలో పెట్టుకొని రాసినవి. వాటిలో ముఖ్యమైనవి సర్వికీ పనికి వస్తాయి, కానీ ఒక తేడా ఉంది. ఫర్, స్ప్రూస్, పైన్ చెట్ల కాండంలో జిగురు ఉంటుంది. కోసిన కొన్ని గంటలకే అది కోత మీద పొరలా గట్టిపడి నీటి దారిని మూస్తుంది. అందుకే ఆ దేశాల్లో చెట్టు ఇంటికి చేరగానే అడుగున మళ్ళీ కోసి ఆరు నుంచి ఎనిమిది గంటలలోపు నీళ్ళలో పెట్టమంటారు. సర్విలో అటువంటి జిగురు లేదు. దానికి ప్రమాదం గాలి వల్ల, కుళ్ళు వల్ల వస్తుంది. కాండంలో నీరు మోసే సన్నని గొట్టాల్లో, అంటే దారునాళాల్లో, నీరు పైకి లాగి కట్టిన దారంలా ఉంటుంది. పైన పోచల నుంచి తేమ ఆవిరవుతున్న కొద్దీ ఆ దారం పైకి లాగబడుతూ ఉంటుంది. కింద కోత నీటిలో లేకపోతే ఆ లాగుడుకు నీటికి బదులు గాలి లోపలికి వస్తుంది, గాలి చేరిన నాళం ఇక నీరు మోయదు. కోత నీటిలోనే ఉన్నా ఆ నీరు నాలుగైదు రోజులు మారకుండా ఉంటే అందులో పెరిగిన సూక్ష్మజీవులు, వాటి జిగట కలిసి నాళాల మూతులను పూడుస్తాయి.

ఇప్పుడు మీ ఇసుక బకెట్ దగ్గరకు వద్దాం. ఇరవై లీటర్ల బకెట్ నిండా పొడి ఇసుక పోస్తే, ఇసుక రేణువుల మధ్య ఖాళీయే సుమారు ఏడు లీటర్లు ఉంటుంది. ఆ ఖాళీ చాలావరకు నిండితే తప్ప అడుగున ఉన్న కోత చుట్టూ నీరు నిలవదు. మీరు పైన పోసిన ఒక గ్లాసు నీరు పై నాలుగు అంగుళాల ఇసుకను తడిపి అక్కడే ఆగిపోయింది, అందులో కొంత మధ్యాహ్నానికి ఆవిరైపోయింది. చేతితో ముట్టుకుంటే ఇసుక తడిగానే ఉంటుంది కాబట్టి మీకు అనుమానం రాలేదు. చెట్టుకు వేర్లు ఉంటే ఆ తడిని వెతుక్కుంటూ వెళ్ళేది. కోసిన మొద్దుకు వెతుక్కునే అవయవం లేదు, తన ముఖానికి ఆనుకొని ఉన్న నీటిని పీల్చుకోవడమే దానికి వచ్చు. మా చర్చిలోనూ మొదటి మూడు నాలుగేళ్ళు ఇసుక తొట్టిలోనే నిలిపేవాళ్ళం. ఒక ఏడు డిసెంబరు ఇరవైకి చెట్టు పూర్తిగా మాడిపోతే, యువకులు రాత్రికి రాత్రి ఆకుపచ్చ రంగు స్ప్రే కొట్టారు. మర్నాడు ఆరాధన జరుగుతున్నంతసేపూ పెయింటు వాసన తప్ప మరేదీ గుర్తులేదు.

కొనే దగ్గర నుంచి మొదలుపెడితే, ఆకుపచ్చ రంగును నమ్మకండి. సర్విని నీడలో ఎండబెడితే తడి పోయిన తరువాత కూడా కొన్నాళ్ళు పచ్చగానే కనిపిస్తుంది. ఒక ఏడాది రోడ్డు పక్కన మంచి నిగనిగలాడే చెట్టు చూసి బేరమాడకుండా కొన్నాను. ఇంటికి తెచ్చి కడిగితే బకెట్ నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. అప్పటి నుంచి తెల్ల చేతిరుమాలు తడిపి ఒక కొమ్మను తుడిచి చూసిన తరువాతే డబ్బు ఇస్తున్నాను. కణుపు పరీక్ష ఎలాగూ చేయాలి, మొదలు పట్టుకొని నేల మీద రెండుసార్లు గట్టిగా తట్టి చూడాలి. లోపలి భాగంలో ఎప్పటివో పాత పోచలు కొన్ని రాలడం సహజం, కానీ కొసల నుంచి లేత పోచలు రాలితే ఆ చెట్టును వదిలేయండి. ఎప్పుడు కొట్టారని అమ్మేవారిని అడగడం వల్ల ప్రయోజనం లేదు, అందరూ నిన్న సాయంత్రమే అంటారు. మొదలు కోతను చూస్తే తెలుస్తుంది: కొత్త కోత లేత రంగులో చల్లగా ఉంటుంది, పాతది నెరిసి, అంచుల దగ్గర బెరడు కాస్త విడివడి, మధ్య నుంచి సన్నని బీటలు తీసి ఉంటుంది. పెద్ద చెట్టు నుంచి విరిచిన కొమ్మ కంటే, మొదలు రెండున్నర మూడు అంగుళాల మందం ఉన్న లేత చెట్టు మొత్తంగా దొరికితే అది మేలు, ఎందుకంటే నిటారుగా నిలుస్తుంది, నాలుగు వైపులా కొమ్మలు సమంగా ఉంటాయి. కాలనీ పార్కులోని చెట్టు తల నరికి తెచ్చుకుందామని మాత్రం ఎవరైనా అంటే వారించండి. చెట్లు కొట్టడానికి అనుమతి కావాలని నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది.

ఆటో పైన కట్టి తెచ్చేటప్పుడు తడి గోనె పట్టా చుట్టండి. ఏమీ చుట్టకుండా అరగంట గాలికి తెస్తే మూడు రోజులు ఫ్యాను కింద పెట్టినంత పని జరుగుతుంది. ఇంటికి రాగానే చెట్టును బాల్కనీలోనో పెరట్లోనో నీడన ఉంచి, పైపుతో పైనుంచి కిందికి బాగా కడగండి. దారి దుమ్ము పోతుంది, లోపల చిక్కుకున్న ఎండు పోచలు రాలిపోతాయి, చెట్టు కాస్త తేరుకుంటుంది.

ఆ తరువాత చేసే కోతే మొత్తం పనిలో అసలైనది. మొదలు నుంచి ఒక అంగుళం పైన, చెక్క కోసే మామూలు చేతిరంపంతో, అడ్డంగా తిన్నగా కోయండి. పూల కాడలకు కోసినట్టు ఏటవాలుగా కోయనక్కర లేదు. ఏటవాలు కోత వల్ల చెట్టు తిన్నగా నిలవదు, కోత పై అంచు నీటిపైకి తేలిపోయే ప్రమాదం కూడా ఉంది. మధ్యలో బెజ్జం వేయడం, సుత్తితో మొదలు చితక్కొట్టడం వంటివి చేయకండి. చితికిన నాళం నీరు పీల్చదు, కుళ్ళడానికి మాత్రం ముందుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మొదలు పక్కలను చెక్కకండి. ఒక ఏడాది మా చర్చికి ఇనుప స్టాండ్ చేయించాం, దాని పైపు రెండంగుళాలు, చెట్టు మొదలు మూడంగుళాలు. వడ్రంగి బాడిసెతో చుట్టూ చెక్కి, పెన్సిల్ ముల్లులా చేసి, స్టాండులో చక్కగా దిగేసి వెళ్ళిపోయాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ చెట్టులో నీరు ఎక్కేది బెరడు కిందనే ఉన్న తెల్లచెక్కలో, అందులోనూ బయటి పొరల్లో ఎక్కువగా. మధ్యనున్న చేవ బరువు మోస్తుంది గాని నీరు మోయదు. వడ్రంగి తీసేసింది సరిగ్గా నీరు ఎక్కే చెక్కను. ఆ చెట్టు వారం కూడా నిలవలేదు. స్టాండుకు తగినట్టు చెట్టును చెక్కడం కాదు, చెట్టుకు తగిన స్టాండును వెతకాలి.

కోసిన వెంటనే, అంటే కాఫీ తాగి వద్దామని అనుకోకుండా, నిండు బకెట్ నీటిలో మొదలు ముంచండి. ఆ రాత్రంతా చెట్టును బయట నీడలోనే ఉంచండి. డిసెంబరులో మన ఊళ్ళో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. ఆ చల్లదనంలో చెట్టు నుంచి ఆవిరి తక్కువ పోతుంది, కోత నుంచి నీరు ఎక్కుతూ ఉంటుంది, అలా దారిలో పోగొట్టుకున్న తడిలో కొంత తిరిగి వస్తుంది. ఉదయానికి బకెట్‌లో మట్టం నాలుగు వేళ్ళు దిగి ఉంటే ఆ చెట్టు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. మట్టం కదలకపోతే మరో అర అంగుళం కోసి చూడండి.

నిలబెట్టడానికి మీ పెయింట్ బకెట్టే చాలు, ఇసుక మాత్రం వద్దు. బకెట్‌ను రుద్ది శుభ్రంగా కడిగి, అడుగున చదునైన రాయి ఒకటి పెట్టి, చెట్టు మొదలును దాని మీద నిలిపి, చుట్టూ ఇటుక ముక్కలు బిగించి, మిగిలిన ఖాళీలో ముప్పావు అంగుళం కంకరను కడిగి నింపండి. మొదలు నేరుగా రాయికి అతుక్కుపోకుండా, రాయికీ కోతకూ మధ్య రెండు చిన్న కంకర రాళ్ళు ఉంచితే నీరు కోత మొత్తానికీ తగులుతుంది. ఇరవై లీటర్ల బకెట్‌లో కంకర నింపిన తరువాత కూడా నీటికి ఏడెనిమిది లీటర్ల చోటు మిగులుతుంది. మొదలు మందం ఎన్ని అంగుళాలో రోజుకు అన్ని లీటర్ల నీరు పట్టే తొట్టి ఉండాలని విదేశాల్లో ఒక లెక్క చెబుతారు. మూడంగుళాల చెట్టుకు మూడు లీటర్లు. ఆ లెక్కన మీ బకెట్ ఒక రోజు మరచిపోయినా కాపాడుతుంది. కంకర, నీరు కలిసి ముప్పై కిలోలు దాటుతాయి కాబట్టి చెట్టు తూలదు, అయినా పిల్లలున్న ఇల్లయితే చెట్టు నడుముకు ఒక పురికొస కట్టి కిటికీ ఊచకు ముడివేయండి.

కంకర మధ్య నీటి మట్టం పైకి కనిపించదు, మనిషి మరచిపోయేది అక్కడే. దానికి నేను చేసే ఉపాయం చాలా చిన్నది. నింపేటప్పుడే ఒక అంగుళం పీవీసీ పైపు ముక్కను చెట్టు పక్కనే బకెట్ అడుగు దాకా నిలబెడతాను, దాని అడుగు అంచుకు రెండు గాట్లు పెడతాను. నీరు పోయడం ఆ పైపులోనే, మట్టం చూడడం కూడా అందులోకి ఒక చీపురు పుల్ల దించే. పుల్ల మీద కోత కంటే రెండంగుళాల ఎత్తున మార్కరుతో గీత పెట్టి ఉంచుకుంటే, తడి ఆ గీతకు కిందికి వచ్చిన రోజు నీరు పోయాలని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. నీరు ఒక్క పూట కోతకు దిగువకు పోయినా మళ్ళీ కోస్తే తప్ప ప్రయోజనం ఉండదు; అలంకరణ అంతా చేసిన చెట్టును పడుకోబెట్టి రంపం పట్టడం ఎవరి వల్లా అయ్యే పని కాదు.

ఏ నీరు పోయాలని కూడా అడిగారు. నల్లా నీరు, అంతే. బోరు నీరు మన నగరంలో చాలా చోట్ల గట్టిది, బకెట్ గోడల మీద తెల్లని చారలు కడుతుంది. మంజీరా నీరో కృష్ణా నీరో వచ్చే ఇంట్లో దాన్నే వాడండి, లేకపోతే బోరు నీటితోనే సరిపెట్టుకోండి. ఆస్పిరిన్, పంచదార, సోడా, నిమ్మరసం, తేనె ఏవీ అక్కరలేదు. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల క్రిస్మస్ చెట్ల మీద పనిచేసిన శాస్త్రజ్ఞులు కూడా శుభ్రమైన మామూలు నీరే చాలనీ, ఇటువంటివి కలపనక్కర లేదనీ చెబుతూ వచ్చారు. పంచదార మాట పూల దుకాణాల నుంచి వచ్చింది: మొగ్గ విచ్చుకోవడానికి శక్తి కావాలి కాబట్టి కోసిన పూలకు సూక్ష్మజీవులను అణచే మందుతో కలిపి చక్కెర ఇస్తారు. మీ చెట్టులో విచ్చుకోవలసిన మొగ్గ లేదు. మందు లేకుండా వేసిన పంచదార సూక్ష్మజీవులకు విందు తప్ప మరొకటి కాదు.

నీటిలో ఏదో వేయడం కంటే నీరు మార్చడం మేలు. మూడు నాలుగు రోజులకు ఒకసారి సన్నని రబ్బరు గొట్టాన్ని పైపులోకి దించి, నోటితో కాకుండా గొట్టాన్ని ముందే నీటితో నింపుకొని, పాత నీటిని కిందనున్న గిన్నెలోకి లాగేయండి, వెంటనే కొత్త నీరు పోయండి. ఇందులో మరో కారణం కూడా ఉంది. డెంగీ దోమ నిలవ ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ బయటికి వస్తుంది. పండుగకు వచ్చిన బంధువులకు చెట్టు కింద నుంచి దోమలను కానుకగా ఇవ్వడం మర్యాద కాదు. బకెట్ మూతికి చెట్టు చుట్టూ పాత దోమతెర గుడ్డ కట్టి, పైపు మూతికి ఒక చిన్న గుడ్డ పేలిక కుక్కండి. దాని మీద ఎర్ర గుడ్డ కప్పితే పెయింట్ కంపెనీ పేరు కూడా కనిపించదు.

చెట్టును ఎక్కడ పెడతారన్నది నీటి తరువాత అంత ముఖ్యమైనది. మన డిసెంబరు చలి చూసి చెట్టుకు అనుకూలమనుకుంటాం గాని, పగలు 28 డిగ్రీల దాకా ఎండ కాస్తుంది, మధ్యాహ్నపు గాలి పెదవులు పగిలేంత పొడిగా ఉంటుంది. ఆ పొడి గాలి చెట్టుకు కూడా అంతే. సర్వి పోచల్లో తేమ ఆవిరై బయటికి పోయే పత్రరంధ్రాలు సన్నని గాడుల్లో దాగి ఉంటాయి, సముద్రపు గాలికి తట్టుకోవడానికి ఆ ఏర్పాటు. బతికున్న చెట్టుకు అది కవచం, కోసిన చెట్టుకు నాలుగు రోజుల గడువు మాత్రమే. కనుక పడమటి కిటికీ ఎదుట పెట్టకండి, సీలింగ్ ఫ్యాను కింద అసలు పెట్టకండి, ఫ్రిజ్ వెనుక నుంచి వచ్చే వేడి తగలకుండా చూడండి. మా చర్చిలో ఎన్ని చెప్పినా జనం ఫ్యాన్లు వేసేవారు. చివరికి చెట్టు పైనున్న ఫ్యాను రెక్కలను డిసెంబరు నెలకు విప్పి దాచడం మొదలుపెట్టాను, గొడవ తీరింది. రోజూ తెల్లవారగానే, దీపాల ప్లగ్గు తీసి, పోచల మీద నీరు సన్నగా చిలకరించవచ్చు. అది తాత్కాలికంగా ఆవిరిని తగ్గిస్తుంది, దుమ్మును పోగొడుతుంది, అంతకుమించి దాని నుంచి ఆశించకండి.

దీపాలు ఎల్‌ఈడీవే పెట్టండి, ముట్టుకుంటే వేడెక్కే పాత బల్బుల దండను ఎంత బాగున్నా పక్కన పెట్టండి. పడుకునే ముందు, అందరూ క్యారల్స్‌కు బయటకు వెళ్ళే ముందు ప్లగ్గు తీసేయండి. ఇక మంచు కోసం మనం అంటించే దూది సంగతి: ఎండిన సర్వి మీద పింజలుగా విడదీసిన దూది, దాని పక్కన కొవ్వొత్తి ఉంటే నిప్పుకు అంతకంటే సులువైన దారి లేదు. తడి ఉన్న చెట్టు సులభంగా అంటుకోదు, ఎండిన చెట్టు క్షణాల్లో నిలువునా మండుతుంది. నేను ముందు చెప్పినట్టు సర్వి ఎండిన తరువాత కూడా కొన్నాళ్ళు పచ్చగా కనిపిస్తుంది కాబట్టి, రంగు చూసి ధైర్యపడకుండా రెండు రోజులకు ఒకసారి కణుపు లాగి చూడండి. పోచ పెళుసుగా విరగడం మొదలైతే పండుగ ఇంకా రాకపోయినా దీపాలు తీసేసి చెట్టును బయటకు చేర్చడమే మంచిది.

ఇప్పుడు మీకు అంతగా నచ్చని మాట చెప్పాలి. అడ్వెంట్ మొదటి ఆదివారం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వస్తుంది; అక్కడి నుంచి క్రిస్మస్‌కు 22 నుంచి 28 రోజులు, జనవరి 6కు మరో 12 రోజులు. అంటే మీరు అడుగుతున్నది అయిదారు వారాలు. చలిదేశంలో నార్డ్‌మన్ ఫర్, ఫ్రేజర్ ఫర్ వంటివి సూదులను గట్టిగా పట్టుకునే రకాలు కాబట్టి, నీరు ఆగకుండా ఇస్తే నెలకు పైగా నిలుస్తాయి. అక్కడ కూడా నార్వే స్ప్రూస్ తెచ్చినవారు ముందే చీపురు పట్టుకుంటారు. కోసిన సర్వి మన వాతావరణంలో, పైన చెప్పినదంతా తప్పకుండా చేసినా, నా చేతుల్లో రెండు వారాలు చక్కగా ఉంది, అరుదుగా మరో మూడు నాలుగు రోజులు. అందువల్ల కోత చెట్టే కావాలంటే డిసెంబరు 15 ప్రాంతంలో తెచ్చుకోండి. క్రిస్మస్ నాటికి అది పది రోజులది, ఇంకా నిండుగా ఉంటుంది. కొత్త సంవత్సరం ఆరాధన దాకా లాగవచ్చు, ఆ తరువాత కణుపు ఏమి చెబితే అదే.

అడ్వెంట్ నుంచే ఇంట్లో చెట్టు ఉండాలన్నది గట్టి కోరికైతే, కుండీలో పెరుగుతున్న అరకేరియాను కొనండి. దాన్నే మన నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అంటారు. కడియం నర్సరీల నుంచి నగరానికి మొక్కలు వస్తూనే ఉంటాయి కాబట్టి వెతకడం కష్టం కాదు. పసిఫిక్ దీవుల మొక్క కాబట్టి మన చలి దానికి చాలదన్న బెంగ లేదు, వెలుతురున్న గదిలో ఏడాది పొడవునా ఉంటుంది. దాని విషయంలో మూడే జాగ్రత్తలు. నడినెత్తి మొగ్గను విరవనివ్వకండి, అది పోతే చెట్టు మళ్ళీ ఆ నిటారు ఆకారానికి రాదు, నక్షత్రాన్ని కొసకు గుచ్చకుండా వెనుక గోడకు తగిలించండి. కొమ్మలు మెత్తనివి, బరువైన గాజు గోళాలు వేలాడదీస్తే వంగిపోయి అలాగే ఉండిపోతాయి. నీరు మాత్రం కోత చెట్టుకు పూర్తి వ్యతిరేకం: కుండీ పై మట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే పోయాలి, అడుగున నీరు నిలిస్తే వేర్లు కుళ్ళుతాయి. మా ఇంట్లో ఇప్పుడు రెండూ ఉంటాయి, అడ్వెంట్‌కు హాల్లో అరకేరియా, పదిహేనో తేదీ తరువాత వరండాలో సర్వి; ఆ కోసిన సర్వి వాసన ఇంట్లోకి రాకపోతే మా ఆవిడకు పండుగ వచ్చినట్టే ఉండదు.

పండుగ దాటిన తరువాత కోత చెట్టును ఏమి చేయాలన్నది మీరు అడగలేదు గాని, మీ వీధి పిల్లలు జనవరి రెండో వారంలో ఎలాగూ వచ్చి అడుగుతారు. భోగి మంటకు సర్విని మించిన కట్టె లేదని వాళ్ళకు తెలుసు. ఇచ్చేయండి, కాకపోతే ముందు దీపాల వైరు, మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ గోళాలు ఒక్కటీ మిగలకుండా తీసేయండి. మంటలో ముందుగా పెద్ద దుంగలు పేర్చి రాజేసిన తరువాత సర్విని నాలుగు ముక్కలుగా కోసి ఒక్కొక్కటే వేయమని చెప్పండి. మొత్తం చెట్టును ఒకేసారి వేస్తే మంట మొదటి అంతస్తు బాల్కనీ దాకా లేస్తుంది, అక్కడ ఎవరో ఒకరు బట్టలు ఆరేసి ఉంటారు.